బీమా అతని పేరున, జరిమానా ఇద్దరి మీద

ఆరోగ్యబీమా లేనందుకు మనిషి మీద పన్నుతో పాటు జరిమానా వెయ్యవచ్చా? అమెరికాలో 2010 నుంచి ఈ ప్రశ్న మీద చాలా రాద్ధాంతం జరిగింది. చట్టసభల్లో, కోర్టుల్లో, ఎన్నికల సభల్లో ప్రధానంగా రెండు గొంతులే వినిపించాయి. 'బీమా కొనాలో వద్దో నా ఇష్టం, అది నా స్వేచ్ఛ' అన్నది ఒకటి. 'నువ్వు కొనకుండా జబ్బు పడితే ఆ ఖర్చు మా నెత్తిన పడుతుంది' అన్నది రెండోది. ఈ రెండు వాదనల్లోనూ 'నేను', 'నువ్వు' అని మాట్లాడుకుంటున్న ఈ వ్యక్తి ఎవరు? సొంత ఉద్యోగం, సొంత ఆదాయం, సొంత పాలసీ, సొంత పన్ను రిటర్ను ఉన్న వ్యక్తి. భర్త ఉద్యోగం వల్ల మాత్రమే బీమా ఉన్న స్త్రీ, విడిగా ఉంటున్నా విడాకులు రాని స్త్రీ, గంటల లెక్కన జీతం తీసుకుంటూ పిల్లల్ని ఒంటరిగా పెంచుతున్న స్త్రీ ఆ 'వ్యక్తి'లో ఇమడరు. కాని జరిమానా లెక్కలోకి వాళ్ళూ వస్తారు.

ఈ చర్చ మనకెందుకని అనిపించవచ్చు. ఈ జరిమానా ఇప్పటికీ ఉన్న కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రాల్లో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. భర్త వీసాకు అనుబంధంగా అక్కడికి వెళ్ళిన మన ఆడపిల్లలూ ఉన్నారు. ఇక్కడ మన ప్రభుత్వాలు కూడా ఆరోగ్యాన్ని ఆసుపత్రి భాషలో కాక బీమా భాషలో మాట్లాడటం మొదలుపెట్టి చాలాకాలమైంది. బీమాని పౌరుల బాధ్యతగా మార్చిన దేశంలో ఏం జరిగిందో స్త్రీల వైపునుంచి చూడటం మనకు అవసరం.

జరిమానా ఎందుకు వచ్చింది

అందరూ బీమా కొనాలన్న నిబంధన వామపక్షాల ఆలోచన కాదు. 1989లో దాన్ని ముందుకు తెచ్చింది హెరిటేజ్ ఫౌండేషన్ అనే మితవాద సంస్థ. మసాచుసెట్స్ రాష్ట్రం 2006లో దాన్ని చట్టం చేసింది. 2008 ఎన్నికల్లో డెమొక్రటిక్ అభ్యర్థిత్వానికి పోటీపడినప్పుడు హిల్లరీ క్లింటన్ దీన్ని సమర్థించారు, ఒబామా వ్యతిరేకించారు. అదే ఒబామా 2010 మార్చిలో సంతకం చేసిన ఆరోగ్యచట్టంలో ఈ నిబంధన ఉంది.

దీని వెనకున్న తర్కం సులువైనదే. జబ్బు ఉందన్న కారణంతో బీమా కంపెనీ ఎవర్నీ తిరస్కరించకూడదని చట్టం చెప్పింది. అలాంటప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు 'జబ్బు చేసినప్పుడు కొనుక్కుందాంలే' అని ఆగిపోతారు. జబ్బుపడ్డవాళ్ళే మిగిలితే ప్రీమియం పెరుగుతుంది. పెరిగినకొద్దీ మరికొందరు తప్పుకుంటారు. అది జరగకుండా అందర్నీ లోపల ఉంచడానికి జరిమానా. 2014లో అది పెద్దవాళ్ళకు ఒక్కొక్కరికి 95 డాలర్లు, లేదా పన్ను పరిధికి పైనున్న కుటుంబ ఆదాయంలో 1 శాతం, ఏది ఎక్కువైతే అది. 2016 నాటికి 695 డాలర్లు లేదా 2.5 శాతం అయింది. పిల్లలకు అందులో సగం. పన్ను రిటర్ను వెయ్యనక్కర్లేనంత తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు, దొరికే బీమా ఆదాయంలో సుమారు 8 శాతం మించినవాళ్ళకు, మూడు నెలల లోపు మాత్రమే బీమా లేకుండా ఉన్నవాళ్ళకు మినహాయింపు ఇచ్చారు. ఇటీవల గృహహింసకు గురైన స్త్రీలు కూడా మినహాయింపు కోరవచ్చు.

2012 మార్చిలో సుప్రీంకోర్టు వాదనల్లో జస్టిస్ స్కాలియా 'ఇలాగైతే రేపు ప్రభుత్వం అందర్నీ బ్రోకలీ కొనమని కూడా శాసించవచ్చా' అన్న ధోరణిలో అడిగిన ప్రశ్న చాలా ప్రచారం పొందింది. ఆ జూన్ 28న కోర్టు 5-4 తేడాతో ఇది ఆజ్ఞగా చెల్లదుగానీ పన్నుగా చెల్లుతుందని తీర్పిచ్చింది. అదే తీర్పు, పేదలకిచ్చే మెడికెయిడ్‌ని విస్తరించడమా మానడమా అనేది రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. వ్యక్తి మీద జరిమానా నిలబడింది. రాష్ట్రం మీద పెట్టిన బాధ్యత మాత్రం ఐచ్ఛికమైంది.

లెక్కలోకి వచ్చిందీ, రానిదీ

స్త్రీలకు ఈ చట్టం వల్ల ఒరిగిందేమీ లేదనడం అన్యాయం. అంతకుముందు సొంతంగా బీమా కొనుక్కునే స్త్రీల దగ్గర కంపెనీలు చాలా రాష్ట్రాల్లో మగవాళ్ళకంటే ఎక్కువ ప్రీమియం వసూలు చేసేవి. అలా కొనే పాలసీల్లో చాలావాటికి కాన్పు ఖర్చుతో సంబంధమే ఉండేది కాదు. గర్భం, ఇదివరకటి సిజేరియన్ ముందే ఉన్న జబ్బుల జాబితాలో చేరేవి. కొన్ని రాష్ట్రాల్లో భర్త చేతిలో దెబ్బలు తిన్న చరిత్రని కూడా కంపెనీలు అలాగే లెక్కేసేవి. కొత్త చట్టం స్త్రీ అయినందుకు ఎక్కువ ధర వెయ్యడాన్ని నిషేధించింది. ప్రసూతి సేవల్ని తప్పనిసరి చేసింది. బీమా లేనివాళ్ళు 2010లో జనాభాలో 16 శాతం ఉండగా, 2016 నాటికి 9 శాతానికి తగ్గారు. జరిమానా వీటికి చెల్లించిన మూల్యం అని సమర్థకులు అన్నారు. ఆ వాదనని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను.

కాని ఆ మూల్యాన్ని లెక్కగట్టిన పద్ధతి చూడండి. బీమా లేనివాళ్ళకు చేసిన వైద్యంలో డబ్బు రాని భాగం 2008లో 4,300 కోట్ల డాలర్లని చట్టంలోనే రాసుకున్నారు. ఆసుపత్రులకు వచ్చిన నష్టం అంకెల్లోకి ఎక్కింది. బీమా లేక ఆసుపత్రికి పోని మనిషికి ఇంట్లో ఎవరు చాకిరీ చేస్తున్నారు? పక్షవాతం వచ్చిన మామగారిని, మందులు ఆపేసిన చక్కెర జబ్బు తల్లిని, ఆస్తమా ఉన్న బిడ్డని చూసుకోవడానికి ఎవరు ఉద్యోగం మానుకుంటున్నారు? ఆ శ్రమకు బిల్లు లేదు కాబట్టి అది నష్టంగా ఎక్కడా నమోదు కాదు. 'బీమా లేకుండా ఉండే స్వేచ్ఛ' గురించి గొప్పగా మాట్లాడిన వాళ్ళూ దీన్ని చూడలేదు. ఆ స్వేచ్ఛ అనుభవించేది ఒకరైతే, దానికి చాకిరీ చేసేది ఇంట్లో మరొకరు. ఆ మరొకరు చాలాసార్లు స్త్రీ.

వసూలు చేసిన తీరు

జరిమానా ఎంతన్న దానికంటే ఎలా వసూలు చేశారన్నది ఎక్కువ విషయాలు చెబుతుంది. ఈ జరిమానా కట్టనివాళ్ళ మీద క్రిమినల్ కేసు పెట్టకూడదు, ఆస్తి జప్తు చెయ్యకూడదు అని చట్టమే చెప్పింది. వినడానికి ఉదారంగా ఉంది. మరి పన్నులశాఖకు మిగిలిన బలమైన మార్గం ఏమిటి? పన్ను రీఫండులోంచి మినహాయించుకోవడం.

అమెరికాలో రీఫండు మీద ఆధారపడి బతికేది ఎవరు? తక్కువ ఆదాయంలో పిల్లల్ని పెంచే కుటుంబాలు. పని చేస్తున్న పేద తల్లిదండ్రులకు ప్రభుత్వం ఇచ్చే సాయం అక్కడ చాలావరకు పన్ను రాయితీ రూపంలో, ఏడాదికి ఒకసారి రీఫండుగా చేతికొస్తుంది. బాకీపడ్డ అద్దె, కారు మరమ్మతు, పిల్లల బట్టలు, అన్నీ ఆ డబ్బు కోసం ఎదురుచూస్తుంటాయి. వీళ్ళలో ఒంటరి తల్లులు చాలామంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. 2016లో ఏడాదికి 30,000 డాలర్లు సంపాదించే ఒంటరి తల్లి, ఇద్దరు పిల్లలు. పిల్లలకు ప్రభుత్వ బీమా ఉంది. ఆమె పనిచేసేచోట ఆమెకు నెలకు 200 డాలర్లకు బీమా ఇస్తామన్నారు. అది ఆమె ఆదాయంలో సరిగ్గా 8 శాతం. చట్టం దృష్టిలో ఆమె 'భరించగలిగిన' బీమా అది. అద్దె, పిల్లల్ని చూసేవాళ్ళకిచ్చే డబ్బు పోగా ఆ 200 ఆమె దగ్గర మిగలవు. అందుకని కొనలేదు. ఆ ఏడాది చివర ఆమె రీఫండులోంచి 695 డాలర్లు పోతాయి. అదే, సొంత వ్యాపారం చేసుకుంటూ, పన్ను ఎంత పడుతుందో ముందే అంచనా వేసి అంతే కట్టే పెద్దమనిషికి రీఫండే ఉండదు. అతని జరిమానా కాగితం మీద ఎక్కువే కావచ్చు. దాన్ని అతని దగ్గర్నుంచి రాబట్టే సాధనం మాత్రం పన్నులశాఖ చేతిలో దాదాపు లేదు. 2015 సంవత్సరానికి సుమారు 65 లక్షల పన్ను రిటర్నుల మీద మొత్తం 300 కోట్ల డాలర్ల జరిమానా చూపించారు. రిటర్నుకు సగటున 470 డాలర్లు. అందరికీ సమానంగా రాసిన చట్టం, వసూలు దగ్గరకొచ్చేసరికి దొరికినవాళ్ళ మీదే పడింది.

కొన్నవాళ్ళకైనా కావలసింది దొరికిందా? అనేక రాష్ట్రాలు తమ బీమా మార్కెట్టులో అమ్మే పాలసీల్లో గర్భస్రావం ఖర్చుని నిషేధించాయి. గర్భనిరోధక సాధనాల ఖర్చు యజమాని మత విశ్వాసానికి విరుద్ధమైతే ఇవ్వనక్కర్లేదని 2014లో హాబీ లాబీ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కొనకపోతే జరిమానా అన్నారు, కాని ఏం కొంటున్నామో నిర్ణయించే హక్కు కొనే స్త్రీకి ఇవ్వలేదు.

కుటుంబం అనే లెక్క

నా దృష్టిలో అసలు సమస్య ఇక్కడుంది. చట్టం పేరుకి బాధ్యతని వ్యక్తి మీద పెట్టింది. లెక్కని మాత్రం కుటుంబం మీద వేసింది. భార్యాభర్తలు ఉమ్మడిగా పన్ను రిటర్ను వేస్తే ఒకరికి బీమా లేనందుకు పడే జరిమానాకు ఇద్దరూ బాధ్యులు. పిల్లలకు బీమా లేకపోతే, ఆ పిల్లల్ని ఎవరు తమ మీద ఆధారపడినవాళ్ళుగా రిటర్నులో చూపిస్తారో వాళ్ళు బాధ్యులు. తండ్రి బీమా చేయించాలని కోర్టు చెప్పినా అతను చేయించకపోతే? తల్లికి మినహాయింపు ఉంది. కాని ముందు పిల్లలకు ప్రభుత్వ బీమా నిరాకరించి ఉండాలి. ఆ తర్వాత ఆమె దరఖాస్తు పెట్టుకోవాలి. తప్పు చేసింది తండ్రి, దరఖాస్తు పెట్టుకోవలసింది తల్లి.

బీమా కొనడానికిచ్చే రాయితీ సంగతీ ఇంతే. వివాహిత ఆ రాయితీ పొందాలంటే భర్తతో ఉమ్మడిగా రిటర్ను వెయ్యాలి. దెబ్బలు తిని ఇల్లు వదిలొచ్చిన స్త్రీ ఆ మనిషితో కలిసి సంతకం ఎలా పెడుతుంది? స్త్రీల సంస్థలు అడగగా 2014లో పన్నులశాఖ ఒక సడలింపు ఇచ్చింది. గృహహింసకు గురైనవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు విడిగా రిటర్ను వేసి కూడా రాయితీ తీసుకోవచ్చు. అయితే వరసగా మూడేళ్ళకు మించి కాదు. హింసకు గురైన స్త్రీ విడాకుల కేసు మూడేళ్ళలో తేలకపోతే ఏమిటన్నదానికి జవాబు లేదు.

ఇంకో విచిత్రం ఉంది. ఉద్యోగం చేసే మనిషి ఒక్కడికయ్యే ప్రీమియం అతని కుటుంబ ఆదాయానికి తగ్గట్టుంటే చాలు, మొత్తం కుటుంబానికీ 'భరించగలిగిన' బీమా ఉన్నట్టేనని పన్నులశాఖ చాలా ఏళ్ళు లెక్కేసింది. భార్యాపిల్లల్ని చేర్చితే ప్రీమియం మూడు రెట్లయినా సరే, వాళ్ళకు ప్రభుత్వ రాయితీ రాదు. జరిమానా నుంచి వాళ్ళని మినహాయించారు, అంతే. అంటే జరిమానా లేదు, బీమా కూడా లేదు. 2021లో కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ అంచనా ప్రకారం ఈ లెక్కలో ఇరుక్కున్నవాళ్ళు 51 లక్షలమంది. వాళ్ళలో సగానికి పైగా పిల్లలు. పెద్దవాళ్ళలో స్త్రీలే ఎక్కువ. దీన్ని సరిచెయ్యడానికి 2023 దాకా పట్టింది.

ఇది యాదృచ్ఛికం కాదు. 'సంపాదించే మగవాడు, అతని మీద ఆధారపడ్డ మిగతావాళ్ళు' అన్న చిత్రం మీద కట్టిన వ్యవస్థ ఇది. ఆ చిత్రం చెదిరినప్పుడల్లా స్త్రీలు బయటపడిపోతారు. మిషిగన్ విశ్వవిద్యాలయం సామాజికశాస్త్రజ్ఞులు 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం విడాకుల వల్ల ఏటా సుమారు 1,15,000 మంది అమెరికన్ స్త్రీలు ప్రైవేటు బీమా కోల్పోతున్నారు. పాత పాలసీలోనే 36 నెలలదాకా కొనసాగే హక్కు చాలామందికి ఉంది. కాని యజమాని కట్టే వాటాతో సహా మొత్తం ప్రీమియం, దాని మీద మరో 2 శాతం ఆమే కట్టుకోవాలి. అప్పుడే వేరుపడ్డ స్త్రీకి ఆ డబ్బు ఎక్కడిది?

మన ఆడపిల్లల సంగతి

హెచ్-4 వీసా మీద వెళ్ళిన తెలుగు స్త్రీల పరిస్థితిలో ఈ మూడు ఆధారపడటాలూ ఒకచోట చేరాయి. వీసా భర్తది. బీమా భర్త కంపెనీది. పన్ను రిటర్ను ఉమ్మడిది. 2015 మే నెల దాకా హెచ్-4 స్త్రీలకు ఉద్యోగం చేసే అనుమతే లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే ఆ అనుమతి వస్తుంది. ఇంజనీరింగు చదివి, ఇక్కడ ఉద్యోగం చేసి వెళ్ళిన అమ్మాయి అక్కడ పన్నుల లెక్కలో భర్త రిటర్ను మీద ఒక సంఖ్య. విడాకులైతే హెచ్-4 హోదా పోతుంది, దాంతోపాటు భర్త కంపెనీ ద్వారా వచ్చిన బీమా కూడా పోతుంది. 'జరిమానా పడుతుంది, బీమా ఉండాలి' అన్న చట్టం ఆమె భయాలకు మరో భయాన్ని జోడించింది. ఆమె పేరున ఒక పాలసీ మాత్రం ఇవ్వలేదు.

ఇప్పుడిది ఇంకా బిగుస్తోంది. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2027 నుంచి బీమా మార్కెట్టులో ప్రభుత్వ రాయితీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు, మరి కొద్ది వర్గాలకు మాత్రమే. హెచ్-1, హెచ్-4 వాళ్ళు చట్టబద్ధంగా ఉంటూ పన్నులు కడుతున్నా వాళ్ళకు లేదు. శరణార్థులకు, మనుషుల అక్రమ రవాణా నుంచి బయటపడిన స్త్రీలకు కూడా లేదు. అదే సమయంలో కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో బీమా లేనందుకు రాష్ట్రప్రభుత్వం వేసే జరిమానా ఉంది. కాలిఫోర్నియాలో 2024 సంవత్సరానికి అది పెద్దవాళ్ళకు ఒక్కొక్కరికి కనీసం 900 డాలర్లు. మినహాయింపులు అక్కడా ఉన్నాయి. కాని మినహాయింపు అంటే జరిమానా నుంచి మినహాయింపే, జబ్బు నుంచి కాదు.

జరిమానా పోతే స్వేచ్ఛ వచ్చిందా?

2017 డిసెంబరులో ట్రంప్ ప్రభుత్వం తెచ్చిన పన్నుల చట్టం, ఫెడరల్ జరిమానాని 2019 నుంచి సున్నా చేసింది. నిబంధన పుస్తకంలో అలాగే ఉంది, దానికి శిక్ష లేదు. జరిమానా తీసేస్తే 2027 నాటికి బీమా లేనివాళ్ళు కోటీ ముప్ఫై లక్షలు పెరుగుతారని, ప్రభుత్వానికి పదేళ్ళలో 33,800 కోట్ల డాలర్లు మిగులుతాయని అప్పట్లో కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు అంచనా వేసింది. ఆ మిగులు ఎక్కడిది? జనం తీసుకోకుండా వదిలేసే రాయితీ డబ్బు, మెడికెయిడ్ డబ్బు అది. ఆ డబ్బుని చూపించే అదే చట్టంలో కార్పొరేట్ పన్నుని 35 శాతం నుంచి 21 శాతానికి తగ్గించారు. స్వేచ్ఛ పేరుతో తీసేసిన జరిమానా వెనక జరిగిన లావాదేవీ అది.

అనుకున్నంత ఉత్పాతం జరగలేదన్నది కూడా నిజం. 2021 నుంచి రాయితీలు పెంచడంతో జరిమానా లేకుండానే బీమా కొన్నవాళ్ళు బాగా పెరిగారు. మనిషిని లోపలికి తెచ్చింది భయం కంటే అందుబాటు ధర అని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ పెంచిన రాయితీల గడువు 2025 చివరితో ముగిసింది. మెడికెయిడ్‌కి 2027 నుంచి పని నిబంధన రాబోతోంది. నెలకు 80 గంటలు పనిచేసినట్టు రుజువులు చూపాలి. చిన్నపిల్లల తల్లులకు, జబ్బుపడ్డవాళ్ళని చూసుకునేవాళ్ళకు మినహాయింపు ఉంది. కాని ఆ సంగతి కూడా కాగితాల మీద రుజువు చేసుకోవాలి. పాత జరిమానాలో డబ్బు పోయేది, కొత్త పద్ధతిలో బీమాయే పోతుంది. జరిమానా పోయిందని సంబరపడేవాళ్ళు ఈ రెండోదాన్ని జరిమానా అని పిలవరు, అంతే తేడా.

మనం ఏం అడగాలి

మన దేశంలో బీమా లేనందుకు జరిమానా లేదు. దానికి బదులు, కొన్నవాళ్ళకు పాత పన్ను విధానంలో 80డి కింద మినహాయింపు ఉంది. పన్ను కట్టేంత ఆదాయం లేని స్త్రీకి అది అందేది కాదు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ అయినా, తర్వాత 2018లో వచ్చిన కేంద్ర పథకం అయినా అర్హతని కుటుంబం లెక్కనే చూస్తాయి. కార్డు ఏ ఇంటిదో, ఆ ఇంట్లో స్త్రీ ఉంటేనే హక్కు. పుట్టింటి కార్డులోంచి పేరు తీసేసి, అత్తింటి కార్డులో ఇంకా ఎక్కని అమ్మాయికి, భర్త వదిలేసినా అతని కార్డులోనే పేరున్న స్త్రీకి ఈ సంగతి ఎవరూ వివరించనక్కర్లేదు. క్షేత్రంలో పనిచేసే మనందరికీ ఇది రోజువారీ తగువే. పద్ధతులు వేరైనా రెండు దేశాల్లోనూ స్త్రీ ఆరోగ్యం కుటుంబం అనే గుమ్మం దాటే రావాలి.

అందుకని జరిమానా మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే మనం ఇతరుల చర్చలో ఇరుక్కుంటాం. బాధ్యతని వ్యక్తి మీద పెట్టే రాజ్యం ముందు హక్కుని కూడా ఆ వ్యక్తికే ఇవ్వాలి. భర్త ఉద్యోగంతో, వీసాతో, రేషన్‌కార్డుతో సంబంధం లేకుండా స్త్రీకి తన పేరున అర్హత ఉండాలి. హింసకు గురైన స్త్రీకి ఇచ్చే వెసులుబాటు గడువు పెట్టిన దయగా కాక హక్కుగా ఉండాలి. ఇంట్లో చేసే సేవ లెక్కలోకి రావాలి. ఇవేవీ లేకుండా 'బీమా అందరి బాధ్యత' అని రేపు ఇక్కడ ఎవరైనా అన్నా, 'బీమా ఎవరిష్టం వాళ్ళది' అని మరొకరు అన్నా, మనం అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ పాలసీ ఎవరి పేరున ఉంటుంది?